పట్టీలు కుట్టేటాయన

వామన్‌రావు చేతిసంచులకు పట్టీలు కుడతాడన్న సంగతి ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆయన, ఇంకొకరు భార్య అనసూయ. కుట్టు మిషనుకు నోరుంటే ముగ్గురయ్యేవాళ్లు. నాంపల్లి స్టేషను వెనక సందులో, పై అంతస్తు కిరాయి ఇంట్లో మిషను టకటకలాడుతుంటే కింది వాటాల వాళ్లంతా అనసూయమ్మ ఎంత కష్టపడుతుందో అనుకునేవారు. మెట్ల మీద ఎదురైనప్పుడు ఆ మాట ఎవరైనా పైకి అంటే వామన్‌రావు తల ఊపి, "చెప్తే వినది" అనేవాడు కూడా. అంతటి మనిషి.

ఆబిడ్స్‌లో ఒక పాత కంపెనీ హెడ్డాఫీసులో ఆయన సూపరింటెండెంటుగా చేశాడు. ఇస్త్రీ చొక్కా, పాలిష్ చేసిన బూట్లు, చేతిలో తోలు బ్యాగు. ఎవరైనా చెప్పులేసుకుని వచ్చి సీట్లో కూర్చుంటే అందరి ముందూ కడిగిపారేసేవాడు. కంపెనీ మూతపడ్డాక, యాభై దాటిన సూపరింటెండెంటును పిలిచి కుర్చీ వేసేవాళ్లెవరూ దొరకలేదు. కొన్నాళ్లు బషీర్‌బాగ్ దాకా ఆఫీసుల చుట్టూ తిరిగాడు. తర్వాత ఎవరైనా అడిగితే "కన్సల్టెంటుగ చేస్తున్న" అనడం మొదలుపెట్టాడు. దేనికి కన్సల్టెంటో అడిగేంత తీరిక ఎవరికీ లేదు కాబట్టి ఆ మాట నిలబడింది.

ఇల్లు నడిపింది అనసూయ. బట్టల దుకాణాల్లో మిగిలిపోయిన ముక్కలు తెచ్చి, అతుకులు వేసి సంచులు కుట్టేది. ఏ రంగు పక్కన ఏ రంగు వేయాలో ఆమెకు తెలిసినంతగా ఇంకొకరికి తెలియదు. పట్టీలు మాత్రం ఆమెకు కుదిరేవి కావు. ఒకటి పొడుగు, ఒకటి కురచ. భుజాన తగిలించుకుంటే సంచి ఒక పక్కకు వాలిపోయేది. ఒకసారి ఆమె జ్వరంతో పడుకుంది, మర్నాటికి సంచులు ఇచ్చితీరాలి. వామన్‌రావు తలుపు గడియ పెట్టి, కిటికీ మూసి, మిషను ముందు కూర్చున్నాడు.

కూర్చున్నాక తెలిసింది, అది తన పనేనని. బతుకంతా స్కేలు పెట్టి గీతలు గీసిన మనిషి. గుడ్డను నిలువుగా కత్తిరించాలని, అడ్డంగా కత్తిరిస్తే బరువుకు సాగిపోతుందని కొన్ని పట్టీలు పాడుచేసి తానే తెలుసుకున్నాడు. అంచులు రెండూ లోపలికి మడిచి, మధ్యలో నవారు ముక్క పెట్టి, మళ్లీ మడిచి, రెండు వైపులా అంచు వెంబడే కుట్టు వేశాడు. పట్టీ సంచికి అతికే చోట చిన్న చదరం, ఆ చదరంలో ఇంటూ గుర్తు. కుర్ర గుమాస్తాగా ఉన్న రోజుల్లో వోచర్ల కట్టలు దబ్బనంతో కుట్టిన చెయ్యి కదా, దారం ఎక్కడ బిగించాలో దానికి గుర్తుంది. అనసూయ దుప్పటి కప్పుకునే లేచి వచ్చి, ఒక పట్టీని రెండు చేతులా లాగి చూసింది.

"గింత మంచిగ కుడ్తరని నాకు తెల్వకపాయె," అంది.

ఆఫీసులో ఎన్నడూ కలగనంత సంతోషం కలిగింది ఆయనకు. ఆ వెంటనే సిగ్గేసింది. కుట్టడమే ఒక సిగ్గనుకుంటే, కుట్టినదాన్ని చూసి మురిసిపోవడం ఇంకా పెద్ద సిగ్గు. "ఎవ్వరికి చెప్పకు," అన్నాడు. ఆమె చెప్పలేదు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. ఆయన కుడుతుండగా బెల్లు మోగిందంటే చటుక్కున లేచి, కుర్చీలో కూర్చుని పేపరు పట్టుకోవాలి. వంటింట్లోంచి అనసూయ వచ్చి మిషను ముందు స్టూలు మీద కూర్చోవాలి. ఆమె కాలు పెడల్ మీద పడ్డాకే ఆయన వెళ్లి తలుపు తీస్తాడు. ఈ హడావిడిలో పొయ్యి మీద పాలు పొంగిపోయిన రోజులున్నాయి. బేగం బజార్‌కు పోయి నవారు, జిప్పులు తెచ్చేటప్పుడు కూడా అన్నీ తోలు బ్యాగులోనే కుక్కి తెచ్చేవాడు. స్టేషను ముందు నడిచి వస్తుంటే చూసేవాళ్లకు అవి కంపెనీ కాగితాలే.

ఏటా నాంపల్లిలో జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో, ఈ ఏడాది ఒక మహిళా సంఘం వాళ్ల స్టాలులో, అనసూయకు సగం బల్ల దొరికింది. దానికోసం ఆమె దసరా నుంచి కుడుతోంది. ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ వాళ్ల ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దగ్గర. అయినా వామన్‌రావు ఒక్కరోజూ అటు పోలేదు. "ఊరు ఊరంత ఆడికొస్తది, నేనెందుకు?" అనేవాడు. ఊరంతా వస్తుందనే కదా ఆమె అక్కడ బల్ల తీసుకుంది. ఆ మాట ఆమె అనలేదు, ఊరుకుంది.

ఒక శనివారం గేట్లు తెరిచే వేళకు ఆమె ఫోన్ చేసింది. సంచుల మూట ఒకటి ఇంట్లోనే మర్చిపోయిందట. ఇక తప్పక వామన్‌రావు మూట పట్టుకెళ్లాడు. జనం ఇంకా పలచగానే ఉన్నారు. మూటను బల్ల కిందికి తోసి, అటు నుంచి అటే బేగం బజార్ పోదామనుకున్నాడు. జిప్పుల కోసమని పొద్దున ఆమె ఇచ్చిన నోటు జేబులో ఉంది. వెళ్లబోతుండగా బల్ల మీది ఒక సంచి దగ్గర ఆయన చూపు ఆగింది. పట్టీ దగ్గర చదరం ఒక పిసరు పక్కకు పోయినట్టుంది. తన కుట్టే. సంచిని చేతిలోకి తీసుకుని వేలితో తడుముతుంటే వెనక నుంచి ఎవరో పిలిచారు.

"వామన్‌రావు సార్. మంచిగున్నరా సార్?"

విజయేందర్. ఆబిడ్స్ ఆఫీసులో ఆయన కింద జూనియర్ గుమాస్తా. చెప్పులతో వచ్చినందుకు ఒకనాడు ఆయన ఇంటికి తిప్పి పంపింది ఈ విజయేందర్‌నే. ఇప్పుడు ఎక్కడో మేనేజరట, కాళ్లకు మెరిసే బూట్లున్నాయి. అయినా పాత భయభక్తులతోనే చేతులు జోడించాడు. వామన్‌రావు భార్యను అతను ఎన్నడూ చూసి ఎరుగడు. ఇంటిని ఆఫీసు దాకా రానిచ్చే మనిషి కాదు ఆయన.

"మేడం కోసం బ్యాగు చూస్తున్నరా సార్?"

బల్లకు అవతల అనసూయ అప్పటికే సగం నవ్వింది. భర్త పాత మిత్రుడెవరో కనబడ్డాడు, ఇప్పుడు తనను చూపిస్తాడు అనుకుంది. కొంగు సర్దుకోవడానికి చెయ్యి ఎత్తింది.

"ఔ," అన్నాడు వామన్‌రావు. "మా ఇంట్లామె కోసం."

అనసూయ చెయ్యి కొంగు దగ్గరే ఆగిపోయింది. కానీ అది ఎంతోసేపు కాదు. బెల్లు మోగగానే ఆయన లేవడం, తను కూర్చోవడం ఎన్నాళ్ల నుంచో ఉన్న అలవాటు. ఇక్కడ కూడా ఆమె అలాగే, చటుక్కున ఎవరో సంచులమ్ముకునే మనిషైపోయింది.

"తీస్కోన్రి సార్," అంది. "ఇంక బోణీ గాలే. మీ చేత్తోని చేయున్రి."

"చెప్పిన రేటుకు ఇయ్యకున్రి సార్, గీడ అంత డబుల్ చెప్తరు," అన్నాడు విజయేందర్. మళ్లీ తనే నవ్వాడు. "మీకు నేను చెప్పాల్నా? ఆటో బిల్లుల గూడ రూపాయి కోసిన మనిషి మీరు."

బేరమాడకుండా కొంటే అనుమానం వస్తుందని భయపడ్డానని తర్వాత వామన్‌రావు తనకు తాను చెప్పుకున్నాడు. అది అబద్ధం. ఆ 'సార్' చెవిన పడేసరికి ఆయనకు పాత కుర్చీలో కూర్చున్నట్టే అయింది. వెన్ను నిటారుగా నిలిచింది, గొంతులోకి ఆఫీసు వచ్చింది. సంచిని ఎత్తి వెలుగులో పెట్టి, చదరం మీద గోటితో గీరాడు.

"గిదేం పట్టీ అమ్మా? కుట్టు పక్కకు పోయింది. నాలుగు దినాలు మోస్తె ఊడి చేతికొస్తది."

కట్టుకున్న భార్యను 'అమ్మా' అన్నాడు. అన్నానని అన్న తర్వాత తెలిసింది.

అనసూయ ధర ఊసు ఎత్తలేదు. "ఊడది సార్," అంది, ఆయన కళ్లలోకి చూస్తూనే. "పట్టీలు కుట్టేటాయన సాఫ్ పని చేస్తడు. కావాల్నంటె గుంజి చూడున్రి. దీనికి నాది గ్యారంటీ."

"ఎవరమ్మా ఆయన? దుకాణం యాడ?" అని విజయేందర్ అడిగాడు.

"గీడనే నాంపల్లిల ఉంటడు సార్. మనుషులల్లకు రాడు."

వామన్‌రావుకు చెవుల దాకా వేడెక్కింది. అప్పుడైనా ఆగవచ్చు. ఆ సంచి బల్ల మీద పెట్టి ఒక్క మాట చెబితే అయిపోయేది. దానికి బదులు, అక్కడి నుంచి తొందరగా బయటపడాలన్న ఆత్రంలో, సంచికి కట్టిన చీటీ మీది ధరలో సగానికి అడిగాడు.

బోణీ బేరాన్ని ఎవరూ పోనివ్వరు. మొదటి గిరాకీ ఉత్త చేతులతో పోతే ఆ పూటంతా అమ్మకం ఉండదని నమ్మకం. అనసూయకైతే అది గట్టి నమ్మకం, ఇంటి దగ్గర ఒక్క సంచి అమ్మినా మొదటి నోటు కళ్లకద్దుకోనిదే డబ్బాలో వేయదు. ఆ సంగతి వామన్‌రావుకు బాగా తెలుసు. తెలిసే సగం అడిగాడు.

"సరే సార్. బోణీ కదా," అంది అనసూయ.

ఆయన జేబులోంచి నోటు తీసి ఇచ్చాడు. పొద్దున ఆమె చేత్తో ఇచ్చిన నోటే. ఆమె దాన్ని చూసింది, గుర్తుపట్టింది, రెండు కళ్లకూ అద్దుకుని డబ్బాలో వేసింది. విజయేందర్ కూడా ఒక సంచి తీసుకుని, "సార్ చేసిన బేరమే నాకు గూడ," అని అదే సగం చేతిలో పెట్టాడు. గుడ్డ, నవారు, జిప్పు ఖర్చుకు కూడా అది చాలదు. ఆమె కాదనలేదు. ఆ తర్వాత విజయేందర్ ఛాయ్ తాగుదాం రమ్మన్నాడు. వామన్‌రావు వెనక్కి తిరిగి చూడకుండా అతని వెంట నడిచాడు. ఛాయ్ దగ్గర విజయేందర్, "పని అంటే మీ దగ్గర నేర్చుకున్న సార్," అంటూ ఎన్నో మంచి మాటలు చెప్పాడు.

ఆ రాత్రి అనసూయ ఇంటికి వచ్చేసరికి ఆయన గోడవైపు తిరిగి నిద్ర నటించాడు. తెల్లారి చూస్తే ఆయన కొన్న సంచి గోడ మేకుకు అలాగే వేలాడుతోంది.

"దీన్ని మళ్ళ స్టాల్ల పెట్టు," అన్నాడు, పేపరు మడుస్తూ.

"అమ్మినదాన్ని మళ్ళెట్ల అమ్మాలె? మీరు కొన్నరు, మీదే," అంది ఆమె. కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే ఆయన కూడా ఏదో ఒకటి అని గొడవపడి తేలికపడేవాడు. ఆమె కాఫీ గ్లాసు ముందు పెట్టి, "జిప్పులు తెచ్చిన్రా?" అని అడిగింది.

"లేదు."

"ఔ, ఆ పైసలు బోణీకి పాయె గద," అని వంటింట్లోకి వెళ్లింది.

అంతలో బెల్లు మోగింది. ఆయన మిషను దగ్గర లేడు, కుర్చీలోనే ఉన్నాడు. అయినా అనసూయ చేతులు తుడుచుకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చుని పెడల్ మీద కాలు పెట్టింది. ఇస్త్రీ బట్టలు తెచ్చిన మనిషి చొక్కాలు ఇచ్చి వెళ్లిపోయాడు. వామన్‌రావు ఆ వెచ్చటి చొక్కాలు చేతిలో పట్టుకుని ఆమె పాదాల వంక చూశాడు. రోజంతా బల్ల వెనక నిలబడి నిలబడి అవి వాచిపోయి ఉన్నాయి. పట్టీలు కుట్టే మనిషి మనుషుల్లోకి రాడు కాబట్టి ఆ నిలబడటమంతా ఆమెదే అయింది. ఆయనకు ఆ చొక్కాలు తొడుక్కోవాలంటే సిగ్గేసింది.

క్షమించమని అడుగుదామని ఆ మధ్యాహ్నం స్టాలుకు బయలుదేరాడు. ఉత్త చేతులతో పోలేక దారం రీళ్లు కొన్నాడు. ఆదివారం కావడంతో జనం తోసుకుంటున్నారు. బల్ల ఇవతల నిలబడి, రీళ్లు ఆమె ముందు పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"సార్, మీరు గూడ వచ్చిన్రా?"

విజయేందర్ చంకలో నిన్నటి సంచి. పిల్లల్ని, భార్యను జెయింట్ వీల్ ఎక్కించి వచ్చాడట. "పట్టీ మా ఆమెకు పొడుగైంది సార్, బ్యాగు మోకాళ్లకు కొట్టుకుంటున్నది. మీ మేడం గూడ గదే అన్నదా?"

వామన్‌రావు నోరు తెరిచాడు. ఆయనకంటే ముందు అనసూయ అందుకుంది.

"ఔ సార్, ఈ సార్‌ది గూడ గదే కంప్లయింటు. మీది గీడ పెట్టి పోన్రి. మా కుట్టేటాయన వచ్చినంక కురచ చేపిస్త."

ఎత్తిపొడుపు లేదు. ఆయన వంక చూడను కూడా లేదు. అడగకుండానే, తనంతట తానే, ఆయన తప్పించుకోవడానికి దారి తీసి పెట్టింది. సొంత భర్తను 'ఈ సార్' అనడానికి ఆమెకు రెండు రోజులు కూడా పట్టలేదు. నేర్పింది తనే. బెల్లు మోగిన ప్రతిసారీ కూర్చోబెట్టి నేర్పాడు. వామన్‌రావుకు సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. కుట్టు పని గురించి ఇన్నాళ్లు పడ్డ సిగ్గు దీని ముందు ఎందుకూ కొరగాదనిపించింది.

ఆయన పక్క స్టాలు సందులోంచి తిరిగి, వంగి, బల్ల వెనక్కి వెళ్లాడు. విజయేందర్ చేతిలోంచి సంచి తీసుకున్నాడు. అనసూయ నిలబడ్డ చోటికి వెనకనున్న స్టూలు లాక్కుని కూర్చుని, బల్ల కింద ఆమె ఉంచుకున్న సూదిదారాల్లోంచి చిన్న కత్తెర తీసి ఇంటూ గుర్తు మధ్యలో తుంచాడు. చదరం దారం ఒక్కో పోగూ లాగేశాడు. పట్టీ చివర కొలిచి మడిచి, సూదిలో దారం ఎక్కించబోతే ఎక్కలేదు. నోట్లో తడిపి మళ్లీ ప్రయత్నించి ఎక్కించాడు.

విజయేందర్ బల్ల మీదికి వంగాడు. "సార్, మీకెందుకు సార్ గీ పని? వాళ్ల పనాయన చేస్తడు గద."

"నేనే ఆ పనాయన. పట్టీలు నేనే కుడత," అన్నాడు వామన్‌రావు తల ఎత్తకుండా. "నిన్న నేను వంక పెట్టిన కుట్టు గూడ నాదే."

"మరి ఈ మేడం..."

"నా భార్య." సూది గుడ్డలోంచి లాగి బిగించాడు. "నిన్న గూడ నా భార్యే."

విజయేందర్ నవ్వలేదు. నవ్వుతాడేమో అన్న భయంతో ఆయన ఇన్నాళ్లు కిటికీలు మూసుకుని కుట్టాడు. అతను పాపం తన బూట్ల వంక చూసుకుని, ఆమె వంక చూసి, "నమస్తే మేడం," అన్నాడు. జేబులోంచి పర్సు తీసి తక్కువ ఇచ్చిన డబ్బు ఇవ్వబోయాడు. అనసూయ వద్దంది. "అయిపోయిన బేరం అయిపోయింది సార్. సంచి మంచిగ వాడుకోన్రి, అంతే," అంది. వామన్‌రావు ఇంటూ గుర్తు పూర్తిచేసి, ముడి వేసి, పట్టీని ఒకసారి గట్టిగా లాగి చూసి ఇచ్చాడు. విజయేందర్ రెండు చేతులా అందుకుని, "వస్త సార్," అని జనంలో కలిసిపోయాడు.

చెప్పేస్తే బరువు దిగుతుందనుకున్నాడు వామన్‌రావు. కుట్టు గురించిన బరువు దిగింది కూడా. ఇంకొకటి దిగలేదు. భార్య ఏదైనా అంటుందేమోనని ఎదురుచూశాడు. ఆమె చెదిరిన సంచులు ఒక్కొక్కటే సర్దుతోంది.

"మీరు పట్టీలు కుడ్తరని నేనెన్నడు సిగ్గుపడలే," అంది చివరికి, చేతిలో పని ఆపకుండా. "ఎవరికన్న చెప్పుకుందామనే ఉండె. నిన్న ఆ నోటు కండ్లకద్దుకుంటుంటే మాత్రం సిగ్గైంది. మొదటిసారి."

తప్పైందన్న మాట నోటి దాకా వచ్చింది కానీ ఆ మాట చాలా చిన్నదిగా తోచి మింగేశాడు. రీలు చేతిలో అటూ ఇటూ తిప్పుతూ తల వంచుకుని కూర్చున్నాడు.

ఇంతలో ఒక పెద్దావిడ మనవరాలి చెయ్యి పట్టుకుని బల్ల ముందు ఆగింది. ఒక సంచి భుజానికి తగిలించుకుని, బరువు చూసి, పట్టీని మెచ్చుకోలుగా తడిమింది. "ఇవన్నీ నువ్వే కుడతావా అమ్మా?" అని అనసూయను అడిగింది.

ఎప్పుడూ ఔననే చెప్పే అనసూయ ఈసారి నోరు విప్పలేదు. సంచులు సర్దడం ఆపి, ఊరకే నిలబడింది. వామన్‌రావుకు ముఖం భగ్గుమంది. అది తన వంతని అర్థమైంది.

"సంచులు ఆమె. పట్టీలు నేను," అన్నాడు.

పెద్దావిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఏమిటన్నట్టు అనసూయ వంక చూసింది.

"జర గట్టిగ చెప్పున్రి," అంది అనసూయ, ఆయన వైపు తిరగకుండానే. "ఆమెకు వినబడలే."

వామన్‌రావు స్టూలు మీద నుంచి లేచి నిలబడి, మళ్లీ చెప్పాడు.